పదవీ విరమణ ధనములో నుండి కానుక: అక్కడి పద్ధతి, ఇక్కడి పద్ధతి

(అధ్యయన పాఠము: సంఘ పెద్దలకు, పింఛనుదారులకు, వారి కుటుంబములకు)



మన తెలుగువారు పొట్టకూటి కొరకు ఊరు విడిచి తరతరాలైనది. కోలారు బంగారు గనులలో, మద్రాసు రైల్వే కర్మాగారములలో, షోలాపూరు బట్టల మిల్లులలో, బరంపురం ఆఫీసులలో, యానాం బడులలో పనిచేసి రిటైరయినవారు నేడు మన సంఘములలో ముందు వరుసలలో కూర్చుండుచున్నారు. పింఛనుదారులు లేని సంఘము మనకు లేదు. వారి పిల్లలలో కొందరు, వారి తోబుట్టువులలో కొందరు అమెరికాలో స్థిరపడినారు. అందువలన ఈ మధ్య అధ్యయన కూటములలో ఒక ప్రశ్న తరచుగా వినబడుచున్నది: "అమెరికాలోని మా బావగారు తన రిటైర్మెంటు ఖాతాలో నుండి కానుకను నేరుగా చర్చికి పంపించుచున్నారట. దాని మీద పన్నే లేదట. మనము కూడా మన పి.ఎఫ్. నుండి అలాగు పంపవచ్చునా?"

ప్రశ్న చిన్నదే. కాని సరియైన జవాబు తెలియక కొందరు తొందరపడి మాట ఇచ్చుచున్నారు, మరికొందరు నామినేషను ఫారములో సంఘము పేరు వ్రాస్తే చాలుననుకొనుచున్నారు. ఆ తరువాత ఇబ్బంది పడునది వారి భార్యాబిడ్డలు. గనుక ఈ పాఠములో మొదట అక్కడి పద్ధతిని, పిమ్మట ఇక్కడి పద్ధతిని, చివరకు మనము పాటింపవలసిన క్రమమును వరుసగా చూతము.

1. అమెరికాలో ఉన్న ఏర్పాటు

అమెరికాలో ఉద్యోగస్థులు తమ వృద్ధాప్యము కొరకు ఇండివిడ్యువల్ రిటైర్మెంట్ అకౌంటు అను ఖాతాలో సొమ్ము దాచుకొందురు. దీనినే పొట్టిగా ఐ.ఆర్.ఏ. అందురు. సాధారణ ఐ.ఆర్.ఏ.లో వేయునప్పుడు చాలమందికి ఆ సొమ్ము మీద పన్ను ఉండదు. కాని వృద్ధాప్యములో దానిని తీసికొన్నప్పుడు అది ఆ సంవత్సరపు ఆదాయముగా లెక్కకు వచ్చును, పన్ను పడును. తీసికొనకుండ అట్లే ఉంచుటకు కూడ వీలు లేదు. ఇప్పటి చట్టము ప్రకారము 73 ఏండ్లు వచ్చిన తరువాత ప్రతి సంవత్సరము కొంత కనీస మొత్తము తీయవలెను. 1960లోను ఆ తరువాతను పుట్టినవారికి ఈ వయస్సు 75.

ఇట్టి ఖాతా గలవారు 70 ఏండ్ల 6 నెలలు నిండిన తరువాత, ఆ ఖాతాలో నుండి ధర్మసంస్థకు నేరుగా సొమ్ము పంపించవచ్చును. దీనికి క్వాలిఫైడ్ చారిటబుల్ డిస్ట్రిబ్యూషన్ అని పేరు. 2006లో వచ్చిన పింఛను రక్షణ చట్టముతో ఇది మొదలైనది. కొన్నేండ్లు తాత్కాలికముగా పొడిగించుచు వచ్చి, 2015 డిసెంబరులో శాశ్వతము చేసినారు. మొదట ఒక మనిషికి సంవత్సరమునకు 1,00,000 డాలర్ల పరిమితి ఉండెను. ధరలను బట్టి పరిమితిని పెంచు పద్ధతి వచ్చిన తరువాత అది 2024లో 1,05,000, 2025లో 1,08,000 డాలర్లు అయినది.

2. అందులోని లాభము ఏమిటి?

బడిలో లెక్క చెప్పినట్లు చెప్పుకొందము. 75 ఏండ్ల సహోదరుడొకడు ఆ యేడు తన ఖాతా నుండి 10,000 డాలర్లు తప్పక తీయవలసియున్నది. అందులో 4,000 డాలర్లు ధర్మమునకు ఇయ్యవలెనని అతని తలంపు.

మొదటి పద్ధతి: 10,000 తీసి తన బ్యాంకులో వేసికొని, అందులో నుండి 4,000కు చెక్కు వ్రాయుట. అప్పుడు 10,000 డాలర్లూ అతని ఆదాయమే.

రెండవ పద్ధతి: 4,000 ఖాతా నుండి నేరుగా ధర్మసంస్థకు పంపించి, 6,000 మాత్రము తాను పుచ్చుకొనుట. అప్పుడు ఆదాయముగా లెక్కకు వచ్చునది 6,000 మాత్రమే. అయినను తప్పక తీయవలసిన 10,000 తీసినట్లే లెక్క.

"మొదటి పద్ధతిలో దానమునకు పన్ను మినహాయింపు అడుగవచ్చును గదా?" అని ఎవరైనను అడుగవచ్చును. అక్కడ చాలమంది వృద్ధులు ఖర్చుల పట్టిక వేయక, ప్రభుత్వము అందరికి ఇచ్చు స్థిరమైన మినహాయింపునే తీసికొందురు. అట్టివారికి దానముల మీద విడిగా దొరకునది స్వల్పము. 2026 నుండి అట్టివారికి 1,000 డాలర్ల వరకు, దంపతులైతే 2,000 డాలర్ల వరకు నగదు దానములకు మినహాయింపు ఇచ్చినారు. అంతకు మించి ఇచ్చువారికి నేరుగా పంపించుటయే మేలు. పైగా అక్కడ వృద్ధుల వైద్య బీమాయైన మెడికేర్ చందా కూడ ఆదాయము బాగా పెరిగినవారికి పెరుగును. గనుక ఆదాయపు లెక్క తగ్గుట వారికి రెండు విధముల మేలు.

అయితే నేరుగా పంపిన సొమ్మునకు మరల దానపు మినహాయింపు అడుగకూడదు. ఒకే కానుకకు రెండు లాభములు లేవు.

3. ఆ పద్ధతికి వేసిన కంచెలు

అమెరికాలోని మన బంధువులకు ఈ మాటలు పనికివచ్చును గనుక ముఖ్యమైనవి వ్రాయుచున్నాను.

మొదటిది: సొమ్ము ఖాతాదారుని చేతికి రాకూడదు. ఖాతాను నడుపు సంస్థయే ధర్మసంస్థ పేర చెల్లింపవలెను. ధర్మసంస్థ పేర వ్రాసిన చెక్కును ఖాతాదారుడు తీసికొనిపోయి అందించవచ్చును గాని, తన పేర వచ్చిన చెక్కును మార్చి ఇచ్చుట చెల్లదు.

రెండవది: యజమాని ద్వారా దాచుకొను 401(కె) వంటి ఖాతాలకు ఈ ఏర్పాటు లేదు. అందులోని సొమ్మును మొదట ఐ.ఆర్.ఏ.లోనికి మార్చుకొనవలెను.

మూడవది: ఇచ్చినందుకు బదులుగా ఏదియు పుచ్చుకొనకూడదు. విందు టిక్కెట్టు, వేలములో వస్తువు మొదలగునవి పుచ్చుకొన్నచో ఆ దానము ఈ లెక్కలోనికి రాదు.

నాలుగవది: సంస్థ యొద్దనుండి వ్రాతపూర్వకమైన రసీదు తీసికొని దాచుకొనవలెను.

ఐదవది: పుచ్చుకొను సంస్థ అమెరికా చట్టము గుర్తించిన ధర్మసంస్థయై యుండవలెను. అక్కడి సంఘములు సాధారణముగా ఈ లెక్కలోనికి వచ్చును. దాత సలహాను బట్టి పంచిపెట్టు డోనర్ అడ్వైజ్డ్ నిధులకు, చాల ప్రైవేటు ఫౌండేషనులకు ఇది వర్తించదు.

4. ఆ కానుక మన సంఘమునకు నేరుగా రావచ్చునా?

రాకూడదు. పైన చెప్పిన ఐదవ కంచెయే దీనికి మొదటి అడ్డు. ఇండియాలోని సంఘము అమెరికా చట్టము గుర్తించిన సంస్థ కాదు. అక్కడి ఒక సంఘము గాని మిషను గాని కానుకను పుచ్చుకొని, తన సొంత తీర్మానముతో, తన అజమాయిషీలో ఇక్కడి పనికి సహాయము చేయవచ్చును. పేరుకు మాత్రము అక్కడి సంఘమును మధ్యలో పెట్టి సొమ్ము దాటించుట ఆ చట్టమునకు ఒప్పదు.

రెండవ అడ్డు మన దేశములో ఉన్నది. విదేశీ విరాళము పుచ్చుకొను సంస్థకు 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము క్రింద రిజిస్ట్రేషను గాని ముందస్తు అనుమతి గాని ఉండవలెను. 2020లో ఆ చట్టమును సవరించిన తరువాత, ఆ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనికే రావలెను. అట్లు పుచ్చుకొన్న సంస్థ దానిని మరియొక సంస్థకు బదిలీ చేయుటకు కూడ వీలు లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించవలెను. భారత పౌరుడుగానే ఉండి పరదేశములో పనిచేయుచున్నవాడు తన సొంత సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా ఇచ్చినది విదేశీ విరాళము కాదు. అమెరికా పౌరసత్వము తీసికొన్నవాడు ఇచ్చినచో, మన కడుపున పుట్టిన బిడ్డయైనను, అది విదేశీ విరాళమే. "ఇంటి ఖర్చు" అని తండ్రి ఖాతాకు తెప్పించి సంఘము ఖాతాకు మళ్లించుట చట్టమును తప్పించుకొనుటయే. ఒకప్పుడు ఆ దేశపు సంఘముల కానుకలతో నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో మన బడులు, ఆసుపత్రులు నడిచిన మాట నిజమే. నేటి నియమములు వేరు.

5. మన దేశములో నేరుగా ఎందుకు లేదు?

ఇప్పుడు మన ఇంటికి వత్తము. మనకు మూడు విధములుగా పదవీ విరమణ ధనము వచ్చును: నెలనెలా పింఛను, ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ. ఈ మూటిలో దేని నుండియు సంఘమునకు గాని ఆసుపత్రికి గాని నేరుగా పంపు ఏర్పాటు చట్టములో లేదు. ముందు మన చేతికి వచ్చి, ఆ తరువాత మన చేతితో ఇయ్యవలసినదే.

దీనికి విచారపడనక్కరలేదు. అమెరికావారికి ఖాతా నుండి తీసినప్పుడు పన్ను పడును గనుక నేరు దారి అవసరమైనది. మనకు ప్రభుత్వోద్యోగుల గ్రాట్యుటీ మీద ఆదాయపు పన్ను లేదు. కంపెనీ ఉద్యోగులకును చట్టము చెప్పిన పరిమితి వరకు లేదు. ఐదేండ్లు ఎడతెగక పనిచేసినవారు తీసికొను ఉద్యోగుల భవిష్యనిధి సొమ్ము మీదను లేదు. ఇంటికి పన్ను లేకుండ వచ్చిన సొమ్మును నేరుగా పంపినంత మాత్రమున మిగులునది ఏమున్నది? నెల పింఛను మాత్రము జీతము వలెనే ఆదాయముగా లెక్కకు వచ్చును.

మరియొక సంగతి. "నా పింఛనులో ఇంత భాగము ఇకమీదట సంఘమునకే" అని ముందుగా వ్రాసి ఇచ్చుట ప్రభుత్వ పింఛనుదారులకు చెల్లదు. 1871 నాటి పింఛనుల చట్టము, రాబోవు పింఛనును ఇతరులకు వ్రాసి ఇచ్చు ఒప్పందములను రద్దు క్రింద లెక్కించినది. పింఛను మీద బ్రదుకువాడు అప్పులవారి చేతిలో గాని, తన తొందరపాటు చేతిలో గాని చిక్కకుండ ఆ చట్టము కాపాడుచున్నది. పింఛను బ్యాంకులో పడిన తరువాత నెలకు ఇంత సంఘము ఖాతాకు వెళ్లునట్లు బ్యాంకువారికి స్టాండింగు ఇన్‌స్ట్రక్షను ఇయ్యవచ్చును. అది మన ఇష్టము. అవసరము వచ్చినప్పుడు ఆపుకొనవచ్చును. అమెరికా పద్ధతికి మన దగ్గరనున్న దగ్గరి పోలిక ఇదే.

6. పన్ను మినహాయింపు సంగతి

"80జి రసీదు ఇత్తురా?" అని కొందరు అడుగుదురు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములోని సెక్షను సంఖ్య అది. 2025లో కొత్త చట్టము చేసి సంఖ్యలు మార్చినను జనుల నోట ఆ పేరే నిలిచినది. దాని గురించి మూడు మాటలు తెలిసికొనవలెను.

ఒకటి: మినహాయింపు పాత పన్ను విధానము ఎన్నుకొన్నవారికే. కొత్త విధానములో అది లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరము నుండి కొత్త విధానములో 12 లక్షల ఆదాయము వరకు పన్ను కట్టనక్కరలేదు గనుక, మన పింఛనుదారులలో చాలమందికి మినహాయింపుతో పనియే లేదు.

రెండు: ఆ మినహాయింపు ధర్మకార్యములు చేయు సంస్థలకే గాని, కేవలము మతసంబంధమైన పనికి కాదు. ఆదివారపు కానుక, దశమభాగము, పాస్టరుగారి జీతపు నిధి ఇందులోనికి రావు. అనుమతి పొందిన ఆసుపత్రికి, అనాథాశ్రమమునకు, బడికి ఇచ్చినది రావచ్చును. అది కూడ చాల సంస్థల విషయములో ఇచ్చినదానిలో సగమునకే.

మూడు: 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినదానికి మినహాయింపు లేదు. చెక్కు ద్వారా గాని బ్యాంకు ద్వారా గాని ఇయ్యవలెను.

ఒక లెక్క చూడుడి. పాత విధానములో 20 శాతము పన్ను కట్టుచున్న సహోదరి అనుమతి గల ఆసుపత్రికి 10,000 రూపాయలు ఇచ్చినది. సగము, అనగా 5,000 రూపాయలు ఆదాయములో నుండి తగ్గును. పన్ను 1,000, దాని మీద సెస్సు 40, మొత్తము 1,040 రూపాయలు మిగులును. తీసికొనవలసిన లాభమే గాని, ఇచ్చుటకు అది కారణము కాజాలదు. లెక్క చూచి ఇచ్చువాడు లెక్క మారిన యేడు మానివేయును.

7. నామినేషను వేరు, వీలునామా వేరు

ఎక్కువ పొరపాటు జరుగు చోటు ఇదే. "నేను పోయిన తరువాత నా పి.ఎఫ్. సంఘమునకు చెందవలెను" అని కొందరు నామినేషనులో సంఘము పేరు వ్రాయవలెనని చూచుచున్నారు. 1952 నాటి ఉద్యోగుల భవిష్యనిధి పథకము పెట్టిన నియమమేమనగా, కుటుంబము గల సభ్యుడు కుటుంబములోనివారినే నామినీలుగా వ్రాయవలెను. బయటివారి పేర వ్రాసినది చెల్లదు. బ్యాంకు డిపాజిట్లకు కూడ నామినీగా మనుష్యులనే వ్రాయవలెను గాని సంస్థలను కాదు.

అయితే పాస్టరుగారి పేరు గాని కోశాధికారి పేరు గాని వ్రాయవచ్చునా? అట్లు చేయకుడి. బ్యాంకులో నామినీ సొమ్ము పుచ్చుకొనుటకు మాత్రమే హక్కుదారుడు. ఆ సొమ్ము వారసులదేయని 2010లో సుప్రీం కోర్టు చెప్పినది. పుచ్చుకొన్నవాడు ఒక ప్రక్క, బిడ్డలు ఒక ప్రక్క నిలిచి వ్యాజ్యము నడిపినచో సంఘము పేరు వీధిన పడును.

మరణానంతరము ఇయ్యవలెనని నిజముగా కోరినవారికి దారి వీలునామా. ఇక్కడ క్రైస్తవులమైన మనము తప్పక ఎరిగియుండవలసిన చరిత్ర ఒకటి కలదు. 1925 నాటి భారత వారసత్వ చట్టములోని 118వ సెక్షను, దగ్గరి బంధువులు గల క్రైస్తవుడు మత, ధర్మకార్యములకు ఆస్తి వ్రాయుటకు గట్టి అడ్డు పెట్టినది. మరణమునకు కనీసము 12 నెలల ముందు వీలునామా వ్రాసి, వ్రాసిన 6 నెలలలోగా అధికారి యొద్ద దాఖలు చేయవలెను. లేనిచో ఆ దానము చెల్లదు. కేరళకు చెందిన ఫాదర్ జాన్ వల్లమట్టం దీనిపై సుప్రీం కోర్టుకు వెళ్లగా, 2003లో ఆ సెక్షను రాజ్యాంగములోని సమానత్వమునకు విరుద్ధమని కోర్టు కొట్టివేసినది. నేడు మనకు ఆ అడ్డు లేదు. పాత పుస్తకము చూచి ఎవరైన "క్రైస్తవులు వీలునామాతో సంఘమునకు ఇయ్యలేరు" అన్నచో నమ్మనక్కరలేదు.

వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చేసికొన్నచో మంచిది. వ్రాసినవాని సంతకమునకు ఇద్దరు సాక్షులు ఉండవలెను. సాక్షికి గాని సాక్షి భార్యకు లేక భర్తకు గాని అందులో వ్రాసిన దానము చెల్లదు. గనుక లాభము పొందువారిని సాక్షులుగా పెట్టరాదు. సంఘమునకు వ్రాయునప్పుడు సంఘ కమిటీవారిని గాక బయటివారిని సాక్షులుగా పెట్టుట వివేకము. వీలునామా లేకుండ పోయినచో, ఆ చట్టము ప్రకారము భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలకు చెందును. సంఘమునకు నోటిమాటగా ఇచ్చిన మాట అక్కడ నిలువదు.

8. ఇచ్చుటకు ఒక క్రమము

మన ప్రభువు కాలములో కొందరు తలిదండ్రులకు చెందవలసినదానిని "కొర్బాను" అనగా దేవునికి అర్పితమని చెప్పి చేతులు దులుపుకొనిరి. మార్కు 7వ అధ్యాయములో ఆయన దానిని గద్దించెను. దేవుని పేరు పెట్టినంత మాత్రమున ఇంటివారి భాగము తీసి ఇచ్చుట కానుక కానేరదు. స్వకీయులను పోషింపనివాని గురించి పౌలు తిమోతికి వ్రాసిన మాటయు (1 తిమోతి 5:8) అదే దారి చూపుచున్నది. పేద విధవరాలి రెండు కాసులను పొగడిన ప్రభువు, విధవరాండ్ర యిండ్లను దిగమ్రింగువారిని ఆ అధ్యాయములోనే ఖండించెను. రెండు మాటలను కలిపి చదువవలెను.

ఒక ఇంటి లెక్క చూతము. కేంద్ర ప్రభుత్వపు పాత పింఛను పద్ధతిలో రిటైరయిన సహోదరుని చివరి మూల వేతనము 60,000 అనుకొందము. పింఛను 30,000. అతడు పోయిన తరువాత భార్యకు కొన్నేండ్ల వరకు హెచ్చు మొత్తము రావచ్చును గాని, పిమ్మట వచ్చు సాధారణ కుటుంబ పింఛను 30 శాతము, అనగా 18,000. కరువు భత్యము వేరు. అతడు నెలకు 3,000 దశమభాగముగా మాట ఇచ్చియున్నాడు. "అయ్యగారు ఇచ్చిన మాట" అని ఆ విధవరాలు అదే 3,000 ఇచ్చుచు పోయినచో అది దశమభాగము కాదు, ఆరవ భాగము. మందులు, అద్దె తగ్గవు. పి.ఎఫ్. పింఛను మీద బ్రదుకువారి స్థితి ఇంకను కష్టము. ఆ పింఛనుకు 2014లో పెట్టిన కనీస మొత్తము నెలకు 1,000 రూపాయలు.

గనుక ఈ క్రమమును పాటించవలెనని నా సలహా.

(అ) మొత్తము సొమ్ము చేతికి వచ్చిన ఆరు నెలల వరకు పెద్ద కానుక ఏదియు ప్రకటింపవద్దు. కోలారు గనులు 2001లో మూతపడినప్పటివలె ఒకేసారి పెద్ద మొత్తము వచ్చినవారికి ఈ మాట మరీ ముఖ్యము. కండ్లముందు కనబడు మొత్తము పెద్దదే గాని, దాని ముందున్న సంవత్సరములును అనేకములు.

(ఆ) మొదట అప్పులు తీర్చి, భార్య లేక భర్త బ్రదుకుటకు, వైద్యమునకు కావలసినది ఎత్తిపెట్టుడి.

(ఇ) ఇద్దరును కూర్చుండి ఎంత ఇయ్యగలమో నిర్ణయించుకొనుడి. ఇంటివారికి తెలియని కానుక రేపు ఇంటిలో గొడవయగును. ఎడమచేతికి తెలియకూడదన్న మాట డంబము మానుటను గురించినదే గాని భార్య యొద్ద దాచుటను గురించినది కాదు.

(ఈ) నెల కానుక పింఛనులో నుండియు, ప్రత్యేక కానుక మొత్తము సొమ్ములో నుండియు వేరు వేరుగా పెట్టుకొనుడి. మనిషి పోయినచో నెల కానుక మాట ఆగిపోవునని ముందే వ్రాసి ఉంచుడి.

(ఉ) బ్రదికియుండగా ఇయ్యగలిగినది బ్రదికియుండగానే ఇచ్చి, అది ఏ పనికి వెళ్లినదో కన్నులార చూడుడి. మిగిలినదానికి వీలునామా వ్రాయుడి.

9. సంఘ కమిటీలకు ఒక మాట

పుచ్చుకొనువారికి కూడ బాధ్యత కలదు. కానుక సంఘము పేరనున్న బ్యాంకు ఖాతాకే రావలెను. ఎవరి సొంత ఖాతాకును రాకూడదు. అందుకు సంఘము చట్టప్రకారము నమోదై యుండవలెను. కర్నాటకలో 1960 నాటి సొసైటీల చట్టము, తమిళనాడులో 1975 నాటి చట్టము, మహారాష్ట్రలో 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టము ఉన్నవి. మన సంఘము దేని క్రింద నమోదైనది, లెక్కలు ఏ సంవత్సరము వరకు దాఖలైనవి అని సభ్యుడు అడిగినచో కాగితము చూపగలుగవలెను. పౌలు యెరూషలేము కానుకను మోసికొని పోవునప్పుడు ఒంటరిగా పోక, సంఘములు ఏర్పరచినవారిని వెంట తీసికొనిపోయెను. దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుటను నిందలేకుండవలెనని ఆయన జాగ్రత్త (2 కొరింథీ 8:19-21).

మరియొకటి. రిటైరయినవారి ఇంట జరుగు కృతజ్ఞతా కూటములో, బంధువులందరి యెదుట "అయ్యగారు దేవుని పనికి ఎంత ప్రకటించుచున్నారు?" అని అడుగు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఆ అలవాటు మానవలెను. ఆ ఘడియలో వచ్చు మాట హృదయములో నుండి వచ్చినదో, ముఖము చెల్లక వచ్చినదో ఎవరికి తెలియును? ఆ దినము ప్రార్థించి, భోజనము చేసి రండి. ఇయ్యగోరినవారు ఆరు నెలల తరువాత మీ గడప త్రొక్కుదురు. అప్పుడు వచ్చిన కానుక చిన్నదైనను దాని వెనుక ఏ ఇంటి నిట్టూర్పును ఉండదు.

అమెరికాలో చట్టమే ఒక దారి వేసి, కంచెలు కట్టి, రసీదు అడుగుచున్నది. మన దేశములో ఆ దారి లేదు. సొమ్ము మన చేతికి వచ్చును, నిర్ణయమును మన చేతికే వచ్చును. కాబట్టి ఆ దారిని మనమే వేసికొనవలెను. సిద్ధమైన మనస్సు ఉన్నచో, కలిగినదానిని బట్టియే కానుక ప్రీతికరమగును గాని లేనిదానిని బట్టి కాదని అపొస్తలుడు నేర్పెను (2 కొరింథీ 8:12).

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. అమెరికాలోని రిటైర్మెంటు ఖాతా నుండి నేరుగా ఇచ్చుట వలన అక్కడివారికి కలుగు లాభమేమి? మన ప్రావిడెంటు ఫండు విషయములో ఆ లాభము ఎందుకు లేదు?

2. మీ పి.ఎఫ్., బ్యాంకు, పోస్టాఫీసు ఖాతాలలో నామినీలుగా ఎవరి పేర్లు ఉన్నవి? మీ ఇంటివారికి ఆ సంగతి తెలియునా?

3. నామినేషనుకు, వీలునామాకు తేడా ఏమి? 2003లో క్రైస్తవులకు కలిగిన మార్పు ఏమి?

4. మార్కు 7:9-13 చదువుడి. నేటి మన ఇండ్లలో "కొర్బాను" ఏ రూపములో కనబడుచున్నది?

5. మీ సంఘములో ఒక విధవరాలు, భర్త ఇచ్చిన మాట ప్రకారము కానుక చెల్లించలేక ఇబ్బంది పడుచున్నదని తెలిసినచో, కమిటీగా మీరు ఏమి చేయుదురు? ఆమె అడుగువరకు కనిపెట్టుదురా, మీరే ముందుగా వెళ్లి చెప్పుదురా?

ఈ పాఠమును ఒక్కరే చదివి ప్రక్కన పెట్టక, ఈ వారము భార్యాభర్తలిద్దరును కూర్చుండి రెండవ ప్రశ్నకు జవాబు వ్రాసికొనవలెనని మనవి. ప్రభువు మీ ఇండ్లకు సమాధానము అనుగ్రహించును గాక.